హోరులో ఆర్తి

సంగీతం అనగానే మనకు స్ఫురించేది మాధుర్యం. తల్లి పాడిన జోల, గుడిలో విన్న భజన, పొలంలో సాగిన నాట్ల పాట మన చెవికి తొలి పాఠాలు చెప్పాయి. అందువల్ల ఇంపైనది సంగీతమనీ, ఇంపు కానిది రొద అనీ తేల్చివేయడం మనకు అలవాటు. కాని మానవహృదయంలో ఉన్నది మాధుర్యం ఒక్కటే కాదు. కోపం ఉన్నది, ఏవగింపు ఉన్నది, దిక్కుతోచని దుఃఖం ఉన్నది. వాటికి స్వరం అక్కరలేదా? ఉండవలసివస్తే ఆ స్వరం కూడా తీయగానే ఉండాలని శాసించడం న్యాయమేనా?

మా చోడవరం చెరకు సీమ. 2022 ఏప్రిల్ వరకు విశాఖపట్నం జిల్లాలోను, ఆ తరువాత అనకాపల్లి జిల్లాలోను ఉన్న ఈ ఊరికి స్వయంభూ విఘ్నేశ్వరుని ఆలయం, సమీపంలోని గోవాడ సహకార చక్కెర కర్మాగారం గుర్తింపు తెచ్చాయి. ఇటువంటి చోట పాశ్చాత్య సంగీతంపై తర్కమేమిటని ఎవరైనా ఆశ్చర్యపడవచ్చు. కాని చేతిలో ఫోను ఉన్న విద్యార్థికి సప్తసముద్రాలు అడ్డు కావు. వక్తృత్వ పోటీకి విషయాన్ని మీరే ఎన్నుకోండని ఒకసారి తరగతికి స్వేచ్ఛనిచ్చాను. వారు ఎన్నుకొన్నది ఇది: ‘హెవీ మెటల్, గ్రంజ్ సంగీతాలు యువతకు మేలు చేశాయా, కీడు చేశాయా?’

మొదట లేచినవాడు ఒక చెరకు రైతు కుమారుడు. అతడు మెటల్ పక్షాన నిలిచి, తన వాదాన్ని ఒక కర్మాగారం నుండి ప్రారంభించాడు. ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ లోహ పరిశ్రమలకు పేరుపొందిన నగరం. అక్కడ రేకుల కర్మాగారంలో పనిచేస్తున్న టోనీ అయోమీ అనే పదిహేడేళ్ళ యువకుడు, ఉద్యోగానికి స్వస్తి చెప్పవలసిన చివరి రోజునే, యంత్రంలో చేయి పడి కుడిచేతి రెండు వేళ్ళ కొనలు పోగొట్టుకొన్నాడు. అతనిది ఎడమచేతి వాటం; గిటారు తంత్రులను నొక్కవలసినవి ఆ వేళ్ళే. ఇక వాయించలేనని కుంగిపోయిన అతనికి కర్మాగారపు అధికారి ఒక గ్రామఫోను రికార్డు వినిపించాడు. అగ్నిప్రమాదంలో రెండు వేళ్ళు పనికిరాకుండా పోయినా గిటారు విద్వాంసునిగా కీర్తి గడించిన జాంగో రైన్‌హార్ట్ వాదనం అది. అయోమీ ప్లాస్టిక్ సీసాను కరిగించి వేళ్ళకు తొడుగులు చేసుకొన్నాడు; వాటికి తోలు అతికించాడు. అనంతరం తంత్రుల బిగువు సడలించి శ్రుతిని కిందికి దించాడు. వేళ్ళకు శ్రమ తగ్గింది, నాదానికి బరువు పెరిగింది. అతడు సభ్యుడైన ‘బ్లాక్ సబ్బాత్’ బృందం 1970 ఫిబ్రవరిలో వెలువరించిన తొలి ఆల్బమ్‌ను హెవీ మెటల్‌కు నాందిగా పలువురు పరిగణిస్తారు.

ఇంతవరకు చరిత్ర చెప్పిన ఆ విద్యార్థి గొంతు ఒక్కసారి తగ్గింది. “మాస్టారూ, చెరకు ఎండిపోయిన ఏడాది మా నాన్న ఇంట్లో ఎవరితోనూ మాట్లాడలేదు. ఆయనను పలకరించే ధైర్యం నాకూ లేకపోయింది. రాత్రిళ్ళు ఈ పాటలే విన్నాను. నాకు బదులు మరెవరో అరుస్తున్నట్లుండేది. తెల్లవారి లేచి కాలేజీకి రాగలిగాను,” అన్నాడు.

రెండవ విద్యార్థి గ్రంజ్‌ను సమర్థించాడు. నేడు మన ఇళ్ళలో సియాటిల్ అంటే మైక్రోసాఫ్ట్, అమెరికా ఉద్యోగం. 1980ల చివరిలో ఆ నగరం, దాని పరిసరాలు ఈ సంగీతానికి పుట్టిల్లయ్యాయి. గ్రంజ్ అనే మాటకు మకిలి అని అర్థం. పూర్వపు రాక్ గాయకుల తళుకుబెళుకులను తిరస్కరించి, నలిగిన చొక్కాలతో వేదికనెక్కిన యువకుల సంగీతమది. కలప కోతకు పేరుపడిన అబర్డీన్ పట్టణంలో 1987లో ఏర్పడిన ఒక బృందం మన పదాన్నే పేరుగా పెట్టుకొన్నది: ‘నిర్వాణ’. 1991 సెప్టెంబరులో వచ్చిన వారి ‘నెవర్‌మైండ్’ ఆల్బమ్ 1992 జనవరిలో మైకేల్ జాక్సన్ ‘డేంజరస్’ను తోసిరాజని అమెరికా అమ్మకాల పట్టికలో ప్రథమస్థానం అందుకొన్నది. మరొక గ్రంజ్ బృందమైన ‘పెర్ల్ జామ్’ సభ్యులు కచేరీ టికెట్ల ధరల విషయమై 1994లో అమెరికా కాంగ్రెసు సంఘం ముందు సాక్ష్యమిచ్చారు. వీరు ఊరక అరిచినవారు కారని అతని వాదం.

ప్రతిపక్షం వహించిన విద్యార్థిని మూడు ఆక్షేపణలు చేసింది. ఇది మనది కాదు. ఇందులో ఉన్నది నాదం కాదు, మోత. ఇక మూడవది ప్రశ్న రూపంలో వచ్చింది. “నిర్వాణ గాయకుడు కర్ట్ కోబేన్ 1994 ఏప్రిల్‌లో, 27వ ఏట, తన ప్రాణాన్ని తానే తీసుకొన్నాడు. ఆ పాట దుఃఖాన్ని తీర్చేదే అయితే, పాడినవాని దుఃఖాన్ని ఎందుకు తీర్చలేకపోయింది?” తరగతి నిశ్శబ్దమైపోయింది. న్యాయనిర్ణేతగా నేను మాట్లాడవలసిన వంతు వచ్చింది.

మొదటి ఆక్షేపణకు సమాధానం మనకు చేరువలోనే ఉన్నది. వయొలిన్ ఐరోపా నుండి వచ్చిన వాద్యం. 1919లో విజయనగరం సంగీత కళాశాలలో ఆచార్యుడుగా చేరిన ద్వారం వేంకటస్వామినాయుడు గారి చేతిలో అది తెలుగువారి గౌరవానికి పాత్రమైంది. వాద్యానికి జన్మస్థలం ఉంటుందే గాని కులగోత్రాలు ఉండవు.

రెండవ ఆక్షేపణకు భరతుని నాట్యశాస్త్రం బదులు చెబుతుంది. ఆయన చెప్పిన రసాలలో శృంగారం, హాస్యం మాత్రమే లేవు. రౌద్రం, భయానకం, బీభత్సం కూడా ఉన్నాయి. రౌద్రానికి క్రోధం స్థాయిభావం, ఎరుపు వర్ణం. కరుణకు శోకం స్థాయిభావం, పావురపు బూడిద వన్నె వర్ణం. మెటల్ విన్నప్పుడు నాకు ఆ ఎరుపూ, గ్రంజ్ విన్నప్పుడు వానమబ్బు పట్టిన ఆ బూడిద వన్నె స్ఫురిస్తాయి. లోకంలో భయపెట్టే క్రోధమే కళలో ఆస్వాదయోగ్యమవుతుందని మన ఆలంకారికులు ఏనాడో గుర్తించారు. ఒకరి బాధ కళగా మారినప్పుడు అది ఆ ఒక్కరిదిగా మిగలదు, అందరిదవుతుంది. దీనినే వారు సాధారణీకరణమన్నారు. బర్మింగ్‌హామ్ కార్మికుని గాయం చోడవరం రైతుబిడ్డకు ఊరటనిచ్చిందంటే, జరిగింది ఇదే.

మోత విషయానికి వస్తే, ఉత్తరాంధ్ర వానికి అది కొత్త కాదు. ఛాతీకి కట్టిన తప్పెటలు, కాళ్ళ గజ్జెలు ఒక్కుమ్మడిగా మ్రోగే తప్పెటగుళ్ళ ముందు నిలిచినవానికి గుండెలో కూడా దరువు వినబడుతుంది. పార్వతీపురం ప్రాంతంలో పుట్టి, విశాఖ షిప్‌యార్డులో ఫిట్టరుగా పనిచేసిన వంగపండు ప్రసాదరావు (1943–2020) యంత్రం నడిచే తీరును కార్మికుని శ్రమతో ముడివేసి పాడినప్పుడు జనం ఆ గొంతులోని మార్దవాన్ని కొలవలేదు. అందులోని నిజాన్ని విన్నారు. అయితే శబ్దమే శక్తి అనుకొంటే పొరపాటు. 1993 నవంబరులో నిర్వాణ బృందం విద్యుత్ గిటార్ల హోరును చాలవరకు పక్కన పెట్టి చేసిన కచేరీ నేటికీ శ్రోతలను కదిలిస్తున్నది. హోరు తొలగినా ఆర్తి నిలిచింది. ఆర్తి లేని హోరును మాత్రం ఎంత పెద్ద యంత్రమూ సంగీతంగా మార్చలేదు. అటువంటి కేవల ఘోష ఈ సంగీతాలలోనూ కావలసినంత ఉన్నది. ద్వేషాన్ని, మత్తును గొప్పగా చూపిన పాటలూ ఉన్నాయి. వాటిని సమర్థించవలసిన పని లేదు.

మూడవ ప్రశ్నకు శాస్త్రంలో సమాధానం వెదకలేదు. పాట బాధకు మాటనిస్తుంది. బాధపడుతున్నవాడు ఒంటరివాడు కాడని చెబుతుంది. అంతవరకే దాని శక్తి. మనిషి చేయి పట్టుకోవలసినది మరొక మనిషే, అవసరమైతే వైద్యుడు. కోబేన్ మరణాన్ని ఆయన కళకు కిరీటంగా చిత్రించేవారు ఆ కళకే అన్యాయం చేస్తున్నారు. ఆయన మిగిల్చిన సంపద పాటలు. మరణం ఒక నష్టం మాత్రమే. రైతుబిడ్డతో కూడా ఇదే అన్నాను: “నాయనా, రాత్రిని దాటించిన పాటకు నమస్కరించు. కాని తెల్లవారిన తరువాత మాట్లాడవలసినది మీ నాన్నతోనే. ఆయనకు బదులుగా అరిచేవారు ఎవరున్నారు?” అతడు తల ఊపాడు.

ఈ సంగీతాల వారసత్వం ఏమిటి? 2011 అక్టోబరులో మెటాలికా బృందం బెంగళూరులో పాడినప్పుడు వేలాది భారతీయ యువకులు పరాయి భాషలో గొంతు కలిపారు. 2025 జూలై 5న బ్లాక్ సబ్బాత్ తన చివరి కచేరీని పుట్టిన ఊరైన బర్మింగ్‌హామ్‌లోనే చేసింది. దాని రాబడిని పార్కిన్‌సన్స్ వ్యాధిపై కృషి చేసే సంస్థకు, పిల్లల ఆసుపత్రికి, మరొక పిల్లల సేవాసంస్థకు ఉద్దేశించారు. ఆ తరువాత పదిహేడు రోజులకే ఆ బృంద గాయకుడు ఆజీ ఆస్‌బోర్న్ కన్నుమూశాడు. చీకటిని గానం చేసినవారి చివరి కచేరీ రోగుల సేవకు ఉపయోగపడడం గమనించదగిన విషయం. అయితే మనకు వారి వేషం, కేశాలంకారం వారసత్వం కానక్కరలేదు. తమ ఊరి యంత్రాల మధ్య, తమ చేతి గాయంతో, తమదైన నాదాన్ని వారు వెదుక్కొన్న తీరే అసలైన వారసత్వం. మన చెరకు తోటలకు, మన కర్మాగారాలకు, మన యువతకు కూడా ఇంకా పాడవలసిన పాటలున్నాయి.

బెల్లం వండే చోట రసం మరుగుతున్నప్పుడు తెట్టు పైకి తేలుతుంది. వంటవాడు తెట్టు కనబడిందని రసాన్ని పారబోయడు. తెట్టును తీయకుండా అచ్చులోనూ పోయడు. మరుగుతున్న యౌవనాన్ని, దాని సంగీతాన్ని చూడవలసిన తీరు అదే. పిల్లల గదిలో హోరు వినబడినప్పుడు, తగ్గించమని చెప్పేముందు, ఏమి వింటున్నావని పెద్దలు అడగాలి. అడిగినప్పుడు, చెవిలోని తీగ తీసి, పిల్లలు సమాధానం చెప్పాలి.