కొబ్బరిపాలూ, పులియని అప్పమూ

గుంటూరులో సాయంత్రం శబరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే మర్నాడు మధ్యాహ్నానికి కొట్టాయంలో దింపుతుంది. పాలక్కాడు దాటేవరకూ కిటికీలో ఎండ కనిపిస్తుంది. దాటాక ఇంక కొబ్బరిచెట్లే. 2023 ఏప్రిల్ మొదటి వారంలో మా ఆవిడా నేనూ ఆ దారిన వెళ్ళాం. మా కళాశాలలో ఇరవై ఏళ్ళు ఇంగ్లీషు చెప్పి, పోయిన ఏడే సొంత ఊరు చేరుకున్న మిత్రుడొకాయన రమ్మన్నాడు. "మాస్టారూ, పెసహా మా ఇంట్లో చూద్దురుగాని" అని చాలా ఏళ్ళుగా అంటున్నాడు. తీరా మేము వెళ్ళిన ఏడు వాళ్ళింట్లో పెసహా లేదు. అక్టోబరులో వాళ్ళ నాన్నగారు పోయారు.

"చావు జరిగిన ఇంటికి పండక్కి వెళ్ళటమేమిటండీ?" అని మా ఆవిడ బయలుదేరే ముందే అడిగింది. ఆ మాటే ఫోనులో చెప్పాను. "మేము చేసుకోకూడదు గాని, తినకూడదని లేదు. రండి" అన్నాడు.

కొట్టాయం నుంచి కురవిలంగాడు ఇరవై కిలోమీటర్లకు పైన. దారంతా రబ్బరు తోటలే. ప్రతి చెట్టుకూ మొలతాడు కట్టినట్టు ఒక చిప్ప వేలాడుతూ ఉంటుంది. కురవిలంగాడులో మేరీమాత పేరిట పాత గుడి ఒకటి ఉంది. మూడునోములనాడు అక్కడ కొయ్య ఓడను భుజాలమీద ఊరేగిస్తారు. ఈ ప్రాంతపు సిరియన్ క్రైస్తవులు క్రీస్తుశకం 52లో తోమా అపోస్తలుడు వచ్చి తమకు మతమిచ్చాడని నమ్ముతారు. వీళ్ళలో మా మిత్రుడి వర్గమైన సీరో మలబార్ వారికి 1962లో పూజలోకి మలయాళం వచ్చేదాకా సిరియాక్ భాషే. ఇప్పటికీ పూజను కుర్బానా అనే అంటారు.

పెసహా అనే మాట కూడా అటునుంచి వచ్చిందే. మన తెలుగు బైబిలులో పస్కా అన్నారు. యూదులు ఈజిప్టు దాస్యం నుంచి బయటపడిన రాత్రికి గుర్తు అది. పిండి పులిసేదాకా ఆగే తీరిక లేక పులియని రొట్టెలతోనే బయలుదేరారట. ఏసు తన శిష్యులతో చివరిసారి కూర్చుని తిన్న భోజనం కూడా ఆ పండుగ భోజనమేనంటారు. ఆ జ్ఞాపకాన్ని గుడిలో పూజగా చేసుకోవటం లోకమంతటా ఉంది. కేరళలో మాత్రం అది గుడితో ఆగకుండా ఇంటికి కూడా వచ్చింది. గుడ్ ఫ్రైడేకు ముందు గురువారం రాత్రి ఇంటి పెద్ద తన చేత్తో అప్పం కోసి ఇంటిల్లిపాదికీ పంచుతాడు.

తెలుగు పాఠం చెప్పేవాణ్ణి గనక నాకు మాటల మీదికి ధ్యాస పోతుంది. మన తెలుగు క్రైస్తవుల్లో కతోలికులు సత్ప్రసాదమంటారు. తక్కినవారు ప్రభురాత్రి భోజనమనీ, ఇంకా ఇంటిమాటగా బల్ల అనీ అంటారు. భోజనం, బల్ల అన్న మాటలు మిగిలాయి గాని, చేతిలో పడేది చిటికెడు రొట్టే కదా అని నాకు ఎప్పుడూ అనిపించేది. మొదట్లో అది నిజంగా భోజనమే. ఇళ్ళల్లో రొట్టె విరుచుకుని కలిసి తినేవారు. కొరింథులో కలిగినవాళ్ళు ముందే కడుపునిండా తినేసి, లేనివాళ్ళు వచ్చేసరికి ఏమీ మిగల్చకపోతే, పౌలు వాళ్ళను గట్టిగా మందలిస్తూ ఉత్తరం రాశాడు. పంక్తి ఉన్నచోట పంక్తి తగవులూ ఉంటాయి కాబోలు.

తగవు మా మిత్రుడి ఇంట్లోనూ ఉంది. అది మేము వెళ్ళాక తెలిసింది. పెరట్లోకి వెళ్తే రబ్బరు తోట మధ్య కొత్త సరిహద్దు రాయి కనిపించింది. దాని అవతల ఆయన తమ్ముడి ఇల్లు. తండ్రి ఉండగానే మొదలైన పేచీ ఆయన పోయాక ముదిరింది. అంత్యక్రియల తరువాత అన్నదమ్ములకు మాటలు లేవు. ఎనభై దాటిన తల్లి, అందరూ అమ్మచ్చి అంటారు, పెద్దకొడుకు ఇంటి వసారాలో కుర్చీ వేసుకుని ఆ రాయివైపే చూస్తూ కూర్చుంటుంది.

గురువారం పొద్దున గుడిలో పన్నెండుమంది కాళ్ళు కడిగే తంతు చూసి వచ్చాం. మధ్యాహ్నం మిత్రుడి భార్య, తన ఇంట వండే వీలు లేకపోయినా, వంట ఎలా చేస్తారో మా ఆవిడకు నోటితో వండి చూపించింది. వేయించిన బియ్యప్పిండి, నానబెట్టి రుబ్బిన మినప్పప్పు, కొబ్బరి, జీలకర్ర, చిన్నుల్లి, వెల్లుల్లి. కలిపిన పిండిని పులియనివ్వకూడదు. అరిటాకు పరిచిన పళ్ళెంలో పోసి ఆవిరిమీద ఉడికించాలి. అంతకు ముందు ఆదివారం గుడిలో ఇచ్చిన లేత కొబ్బరాకుతో శిలువ చేసి పైన పెడతారు. దాన్ని ఇండ్రి అప్పమంటారు. తోడుగా బెల్లం, కొబ్బరిపాలు, శొంఠి, ఏలకులు వేసి కాచిన పాలు. "మన ఆవిరికుడుమే కదండీ!" అంది మా ఆవిడ. వెల్లుల్లి తీసేస్తే అంతే.

సాయంత్రం మిత్రుడు నన్ను పక్కకు పిలిచి, చెప్పలేక చెప్పలేక ఒక మాట చెప్పాడు. శిలువ పెట్టిన అప్పం వాళ్ళ ఇంటి ఆచారం ప్రకారం ఇంటివాళ్ళకూ, జ్ఞానస్నానం పొందినవాళ్ళకే పెడతారు. "మీరు ఏమీ అనుకోకూడదు" అన్నాడు. అనుకోలేదన్నాను గాని, అంత దూరం రైల్లో వచ్చినవాణ్ణి, మనసు కొంచెం చివుక్కుమంది. ఆ వెంటనే మా నాయనమ్మ గుర్తుకువచ్చింది. నా చిన్నప్పుడు క్రైస్తవుల పిల్లవాడొకడు నాతో చదువుకునేవాడు. సంక్రాంతికి వాడికి అరిసెలు అరుగుమీద ఆకులో పెట్టించేది. నేను లోపల తినేవాణ్ణి. వాడు ఏమీ అనుకోలేదనే ఇన్నాళ్ళూ అనుకున్నాను.

చీకటి పడేసరికి సన్నగా వాన. ఏడు గంటలకు కుడిపక్క ఇంటివారు ఒక పళ్ళెం తెచ్చారు, మరి కాసేపటికి మేనత్త ఇంటినుంచి ఇంకొకటి. చావు జరిగిన ఇంట ఆ ఏడు అప్పం వండరు గనక చుట్టాలూ పొరుగువారూ తెచ్చిపెడతారు. మనవైపూ అంతే కదా, ఏడాది తిరిగేదాకా పండుగ లేని ఇంటికి పక్కవాళ్ళు బూరెలు పంపుతారు. రెండు పళ్ళాలూ బల్లమీద ఉన్నాయి. పిల్లలు ఆకలితో తిరుగుతున్నారు. మిత్రుడు రెండుసార్లు "అమ్మచ్చీ, మొదలుపెడదామా?" అన్నాడు. ఆవిడ తల ఊపలేదు. వసారాలోంచి కదలలేదు.

తొమ్మిది కావస్తుండగా తోటలో టార్చిలైటు కనిపించింది. తమ్ముడూ, భార్యా, ఇద్దరు పిల్లలూ గొడుగుకింద ఒదిగి వచ్చారు. ఆయన చేతిలో మూతపెట్టిన గిన్నె, ఆవిడ చేతిలో పాలు. మాటలేమీ లేవు. అన్న లేచి గిన్నె అందుకుని మధ్యలో పెట్టాడు, అంతే.

అమ్మచ్చి లోపలికి వచ్చింది. దీపం పెట్టారు. పెద్ద మనవరాలు బైబిలులో పస్కా ఘట్టం చదివింది. అందులో ఒకచోట, ఇల్లు చిన్నదై గొర్రెపిల్ల ఎక్కువైతే పొరుగింటివాణ్ణి కలుపుకోవాలని ఉంది. ఆ వాక్యం దగ్గర ఎవరూ ఎవరివంకా చూడలేదు. తరువాత కత్తి ఎవరు పట్టాలన్నది వచ్చింది. కిందటేడు వరకూ ఆ ఇంట్లో తండ్రే కోసేవాడు. పెద్దకొడుకు కత్తి తీసుకున్నాడు గాని వెంటనే కొయ్యలేకపోయాడు. మూడు పళ్ళాల్లో ఏది కొయ్యాలో అమ్మచ్చి వేలితో చూపించింది. తమ్ముడు తెచ్చినదే.

ముక్కను పాలల్లో ముంచి ముందు తల్లికి, తరువాత వయసు వరుసన అందరికీ ఇచ్చాడు. వరుసలో తల్లి తరువాత తన భార్య, ఆ తరువాత తమ్ముడు. తమ్ముడు రెండు చేతులూ దోసిలి పట్టి అందుకున్నాడు. రవ్వ కూడా కింద పడకూడదు గనక అందరి తలలూ వంగే ఉన్నాయి. అందువల్ల ఎవరు ఏడ్చారో, ఎవరు ఏడవలేదో నేను చెప్పలేను.

మేమిద్దరం గోడవారగా నిలబడ్డాం. అప్పుడు తమ్ముడి భార్య సంచిలోంచి చిన్న డబ్బా తీసింది. శిలువ లేని అప్పాలు రెండు. అన్నగారింట్లో అతిథులున్నారని పిల్లల ద్వారా తెలుసుకుని మాకోసం విడిగా చేసిందట. మాటలు లేని ఇళ్ళ మధ్య ఆ కబురు ఎలా దాటిందో గాని దాటింది. మాకూ ఆ బల్ల దగ్గరే కుర్చీలు వేశారు. పాలు అందరికీ ఒకే గిన్నెలోవే. శొంఠి ఘాటు గొంతు దాకా వెళ్ళింది.

పదిన్నరకు వాళ్ళు వెళ్ళటానికి లేచారు. మిత్రుడి భార్య గిన్నెలు కడిగి తెచ్చింది. ఆ ఏడు ఆ ఇంట్లో తీపి వండలేదు గనక అందులో పెట్టటానికి ఏమీ లేదు. మా ఆవిడకు ఖాళీ గిన్నె ఇవ్వటమంటే గిట్టదు. గదిలోకి వెళ్ళి మేము తెచ్చిన సున్నుండలు సగం అందులో పోసి వచ్చింది. అమ్మచ్చి ఆ గిన్నె చిన్నకొడుకు చేతిలో పెడుతూ మలయాళంలో ఏదో అంది.

"ఏమన్నారు?" అని మిత్రుణ్ణి అడిగాను.

"రేపు గుడికి వెళ్ళేటప్పుడు జీపు ఇటుగా తిప్పమంది. నా బండి చెడిపోయిందని చెప్పింది" అన్నాడు.

ఆయన బండి ఆ పొద్దున మమ్మల్ని గుడికి తీసుకువెళ్ళి తీసుకువచ్చిందే. వాకిట్లో వానలో తడుస్తూ ఉంది.