నకలు ఉందనుకున్న రాత్రి

మా ఇంట్లో టీవీ బల్ల కింద ఒక పాత కంప్యూటర్ ఉంటుంది. దానికి మానిటర్ లేదు, కీబోర్డు లేదు. కరెంటు తీగ ఒకటి, ఇంటర్నెట్ తీగ ఒకటి, అంతే. ఒక ఆఫీసులో పనికిరాదని పక్కన పడేసిన దాన్ని ఐదు వేలకు కొని, లినక్స్ ఎక్కించి ఇంటి సర్వర్‌గా మార్చాను. ఇంటిల్లిపాది ఫోన్లలోని ఫొటోలు రాత్రికి రాత్రి అందులోకి చేరతాయి. పొలం కాగితాల స్కాన్లు, పిల్లల సర్టిఫికెట్లు, పెళ్లి వీడియోలు అన్నీ అక్కడే. నెలనెలా అద్దె కట్టి మన జ్ఞాపకాలను పరాయి కంపెనీ గిడ్డంగిలో దాచుకోవడమేమిటన్నది నా వాదన. వినే ఓపికున్న చుట్టాలందరికీ దాన్ని వినిపించాను కూడా.

పోయిన ఆషాఢంలో ఒక ఆదివారం సాయంత్రం ఆ పెట్టెకు సిస్టమ్ అప్‌డేట్ పెట్టాను. నెలకోసారి చేసే పనే. లాప్‌టాప్ తెర మీద వరసలు గబగబా పరుగెత్తాయి. మధ్యలో ఏదో హెచ్చరిక కనిపించింది కానీ, కాఫీ చల్లారిపోతోందని చదవలేదు. రీస్టార్ట్ కొట్టాను. పెట్టె ఆగింది. మళ్లీ లేవలేదు.

అటక మీది పాత మానిటర్ దించి తగిలించాను. నల్లటి తెర మీద 'కెర్నెల్ పానిక్' అన్న మాట. తన సొంత డిస్క్ తనకే దొరకడం లేదని కంప్యూటర్ మొర. వెనక నుంచి అమ్మ అడిగింది: "మీ నాన్నగారి క్యాసెట్టు కూడా అందులోనే ఉందిట్రా?"

ఉంది. నాన్నగారు అవనిగడ్డ దగ్గర బడిపంతులుగా చేశారు. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచెత్తిన రాత్రి తెల్లవార్లూ ఒక డాబా మీద ప్రాణాలు అరచేత పట్టుకుని నిలబడ్డారు. ఆ రాత్రి గురించి మామూలుగా మాట్లాడేవారు కాదు. అక్క బలవంతం మీద ఒకే ఒక్కసారి టేప్ రికార్డర్ ముందు కూర్చుని చెప్పారు. 40 నిమిషాలు. ఆయన పోయాక బీరువాలో మిగిలిన ఆ క్యాసెట్టును ఈ మధ్య ఫిబ్రవరిలో కంప్యూటర్‌లోకి ఎక్కించాను. బూజు పట్టిన రీలు చివర్లో తెగిపోయింది. పనైపోయింది కదా అని పారేశాను.

చేతిలో పెన్‌డ్రైవ్ ఉంది. లినక్స్‌ను కొత్తగా ఎక్కిస్తే అరగంటలో పెట్టె లేస్తుంది. 'డిస్క్ మొత్తం చెరిపి ఇన్‌స్టాల్ చేయాలా' అన్న ప్రశ్న దాకా వెళ్లాను. భయమెందుకు, బయటి హార్డ్‌డిస్క్‌లో రోజూ రాత్రి నకలు పడుతోందిగా! ఎందుకైనా మంచిదని బెంగళూరులో సర్వర్ల పని చేసే మేనల్లుడికి ఫోన్ చేశాను.

"మామయ్యా, ముందు కీబోర్డు మీంచి చెయ్యి తియ్. ఆ నకలు చివరిసారి ఎప్పుడు తెరిచి చూశావు?"

ఎప్పుడూ చూడలేదు. బయటి డిస్క్‌ను తెచ్చి లాప్‌టాప్‌కు తగిలించాను. అందులో చివరి తేదీ జనవరి 10. సంక్రాంతికి గోడలకు రంగులు వేయించినప్పుడు ఎవరో దాని తీగ పీకారు. డిస్క్‌ను తిరిగి దాని చోట పెట్టారు గానీ తీగ పెట్టలేదు. నేనూ చూడలేదు. ఫిబ్రవరిలో ఎక్కించిన నాన్నగారి గొంతు అందులో లేదు. ఒక్క మీట నొక్కి ఉంటే ఇక ఎక్కడా ఉండేది కాదు.

జరిగిందేమిటో మేనల్లుడు విప్పి చెప్పాడు. లినక్స్‌లో బయటి డిస్క్ ఒక ఫోల్డర్‌లా కనిపిస్తుంది. డిస్క్ ఊడినా ఖాళీ ఫోల్డర్ మిగులుతుంది. నకలు తీసే ప్రోగ్రాముకు ఆ తేడా తెలియదు. ఆర్నెల్లుగా అది లోపలి డిస్క్‌లోని వాటిని మళ్లీ అదే డిస్క్‌లో పోస్తోంది. అసలు, నకలు పక్కపక్కనే పెరిగి డిస్క్‌ను అంచుదాకా నింపేశాయి. అప్‌డేట్‌లో వచ్చిన కొత్త కెర్నెల్‌కు, లేవగానే డిస్క్‌ను వెతికిపెట్టే ఒక చిన్న ఫైలు తయారు కావాలి. చోటు లేక అది సగంలో ఆగింది. నేను చదవని హెచ్చరిక అదే. రక్షణకని పెట్టుకున్న ఏర్పాటే పెట్టెను పడగొట్టింది.

"యంత్రం లేవకపోవడం వేరు, సమాచారం పోవడం వేరు మామయ్యా. డిస్క్ బాగానే ఉంది. ఇప్పుడు నీ తొందరే దానికి ప్రమాదం" అన్నాడు.

వైద్యం నిదానంగా సాగింది. పెన్‌డ్రైవ్‌లోని లినక్స్‌తోనే కంప్యూటర్‌ను లేపి, లోపలి డిస్క్‌ను చదవడానికి మాత్రమే వీలుగా తెరిచాం. రాయడానికి వీల్లేకుండా. అందులోని సమస్తాన్నీ ఇంకో డిస్క్‌కు ఎక్కించేసరికి రాత్రి రెండైంది. అమ్మ పడుకోలేదు. ముందుగా నాన్నగారి ఫైలు తెరిచాను. కాసేపు టేపు గరగర, ఒక దగ్గు, తర్వాత ఆ గొంతు: "నీళ్లు పారుకుంటూ రాలేదమ్మా, గోడలా నిలబడి నడిచొచ్చాయి..." అమ్మ చివరిదాకా విని, ఏమీ అనకుండా లోపలికి వెళ్లింది.

మర్నాడు ఆ దొంగ నకలును చెరిపి, ప్రారంభ మెనూలో పాత కెర్నెల్‌ను ఎంచుకున్నాం. పెట్టె లేచింది. సగంలో ఆగిన అప్‌డేట్‌ను పూర్తి చేశాం. పావుగంట పని.

2024 జులై 19న ఒక భద్రతా సాఫ్ట్‌వేర్ సంస్థ పంపిన లోపభూయిష్టమైన అప్‌డేట్‌తో ప్రపంచవ్యాప్తంగా దాదాపు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు మొరాయించాయి. మన విమానాశ్రయాల్లో బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు. అలాగని అప్‌డేట్లు మానేస్తే భద్రతా లోపాలు పూడవు. పడే రోజు ఒకటి వస్తుందని ఒప్పుకుని బతకడమే దారి.

నా వాదనను ఇప్పుడు కొంచెం తగ్గించాను. కంపెనీలకు మనం కట్టే అద్దె చోటుకు మాత్రమే కాదు, రాత్రిళ్లు మెలకువగా ఉండే మనిషికి కూడా. సొంత ఇంట్లో ఆ మనిషి మనమే కావాలి. ఇప్పుడు నకలు తీసే ప్రోగ్రాము బయటి డిస్క్ నిజంగా ఉందో లేదో చూసుకుని, లేకపోతే ఆగి నా ఫోన్‌కు కబురు పెడుతుంది. ఇంకో నకలు విజయవాడలో అక్కవాళ్లింట్లో ఉంది. నెల మొదటి ఆదివారం ఆ నకళ్లలోంచి ఒక ఫైలు తెరిచి చూస్తాను. ఏ ఫైలన్నది అమ్మే నిర్ణయించింది. ఆ రోజు కాఫీ గ్లాసు పట్టుకుని ముందుగానే వచ్చి కూర్చుంటుంది.