నవ్వు ఎక్కడ ఆగింది?

ఒక చిత్రం మంచిదా చెడ్డదా అని తేల్చేటప్పుడు మన విమర్శకులు కథను విచారిస్తారు, దర్శకుడి దృక్పథాన్ని విచారిస్తారు, పెట్టుబడి ఎవరిదన్నది కూడా విచారిస్తారు. హాల్లో కూచున్నవాళ్ళను మాత్రం విచారించరు. ప్రేక్షకుడంటే మనకు ఒక అంకె, లేదా ఒక అమాయకుడు. అతను ఏ చోట నవ్వాడు, ఏ చోట నవ్వలేదు, పక్కవాడు నవ్వుతుంటే తానెందుకు ఊరుకున్నాడు అన్నది ఎవరూ రాసిపెట్టరు. కిందటి ఏడు మా కాలేజీలో ఒక చిత్రం చూపించినప్పుడు నేను తెరవైపు తక్కువా, విద్యార్థుల మొహాలవైపు ఎక్కువా చూశాను. చిత్రం నేను ఇదివరకే చూసినది గనక నష్టమేమీ కలగలేదు.

ఆ చిత్రం "షాన్ ఆఫ్ ది డెడ్". 2004లో బ్రిటన్‌లో ఎడ్గర్ రైట్ తీశాడు. నాయకుడి వేషం వేసిన సైమన్ పెగ్ అతనితో కలిసి రచన చేశాడు. ఖర్చు అరవై లక్షల డాలర్ల పైచిల్లర. మన కళ్ళకు అది పెద్ద మొత్తమే కాని, అదే ఏడు అదే రకం కథతో హాలీవుడ్ వారు తీసిన చిత్రంతో పోలిస్తే పేదవాడి పెళ్ళి కిందే లెక్క. కథ రెండు ముక్కల్లో చెప్పవచ్చు. ఇరవై తొమ్మిదేళ్ళ షాన్ కరెంటు సామాన్ల దుకాణంలో పనిచేస్తాడు. సాయంత్రమైతే స్నేహితుడితో కలిసి అదే పబ్బు, అదే బల్ల. ప్రియురాలు లిజ్‌ను మంచి హోటలుకు తీసుకుపోతానని మాట ఇచ్చి, బల్ల రిజర్వు చేయించడం మరిచిపోతాడు. ఆమె ఇక చాలు పొమ్మంటుంది. తెల్లారేసరికి లండన్ వీధుల్లో శవాలు లేచి మనుషుల్ని పీక్కుతింటూ ఉంటాయి. తల్లినీ ప్రియురాలినీ కాపాడుకోవాలి. కాపాడి ఎక్కడికి తీసుకుపోతాడయ్యా అంటే, మళ్ళీ ఆ పబ్బుకే!

మా సంఘంలో నాకు పెద్దదిక్కు లాంటి మాస్టారొకరు ఈ సంగతి విని, "ఏమోయ్, పిల్లలకు శవాల సరసం చూపించడానికా నువ్వు ఎమ్మే తెలుగు చదివింది?" అన్నారు. "మీరూ వచ్చి చూడండి మాస్టారూ, తరవాత తిడుదురు గాని" అన్నాను. వచ్చారు. వెనక బెంచీలో చేతులు కట్టుకుని కూచున్నారు.

చిత్రం వేసేముందు పావుగంట మాట్లాడాను. జాంబీ అన్న మాటకు తెలుగు లేదు. దయ్యమంటే దేహం పోయి కోరిక మిగిలినది. జాంబీ అంటే కోరికలన్నీ పోయి దేహం మిగిలినది. శవాన్ని ఆవహించే బేతాళుడు మనకున్నాడు కాని, ఆయన కథలు చెబుతాడు, చిక్కుప్రశ్నలు వేస్తాడు, రాజుకే నీతి నేర్పుతాడు. జాంబీకి ఒక్క ప్రశ్న కూడా తెలియదు. కారణం దాని పుట్టుకలోనే ఉన్నది. ఈ నమ్మకం హైతీ ద్వీపదేశానిది. అక్కడి చెరకు తోటల్లో ఫ్రెంచివారు ఆఫ్రికా బానిసల చేత చచ్చేదాకా పని చేయించారు. బానిసకు మిగిలిన ఆశ చావొక్కటే. ఆ చావు తరవాత కూడా ఎవడో మంత్రగాడు లేపి మళ్ళీ తోటకు తోలితే? జాంబీ అంటే ఆ భయం. హైతీవాడు జాంబీ తనను తింటుందని భయపడలేదు. తాను జాంబీ అవుతానేమోనని భయపడ్డాడు. 1791లో ఆ బానిసలు తిరగబడి 1804లో స్వతంత్ర రాజ్యం స్థాపించుకున్నారు. 1915 నుంచి 1934 దాకా అమెరికా సైన్యం ఆ దేశాన్ని ఆక్రమించుకుని ఉన్నది. ఆ రోజుల్లోనే, 1932లో, "వైట్ జాంబీ" అనే చిత్రం వచ్చింది. అందులో శవాలు చక్కెర మిల్లు తిప్పుతాయి. ఒకడు యంత్రంలో పడిపోయినా మిగతావాళ్ళు ఆగరు.

హైతీ జానపదుల నమ్మకం ఇంకొకటి చెప్పాను. జాంబీకి యజమాని ఉప్పు తగలనివ్వడు. ఉప్పు రుచి తెలిస్తే దానికి తాను చచ్చానన్న సంగతి జ్ఞాపకం వస్తుంది, పని వదిలి సమాధికి తిరిగిపోతుంది. ఉప్పు తిన్న ఇంటికి ద్రోహం చేయకూడదని మన పెద్దలు చెప్పారు. అక్కడ యజమానికి ద్రోహం చేయించేదే ఉప్పు. ఉప్పు గురించి రెండు దేశాల్లో రెండు వర్గాలు మాట్లాడినట్టున్నది.

ఇక హాలు సంగతి. చిత్రం మొదట్లో పేర్లు పడేటప్పుడు బస్సుకోసం వరసలో నిలబడినవాళ్ళూ, సూపర్ మార్కెట్లో బిల్లులు కొట్టేవాళ్ళూ ఒక్క కీలుతో ఆడే బొమ్మల్లా కదులుతారు. అప్పటికింకా ఎవరూ చావలేదు. ఇక్కడ నవ్వు రాలేదు. మర్నాడు ఉదయం షాన్ నిద్రమత్తులో సందు చివరి కొట్టుకు పోయే ఘట్టం వచ్చేసరికి హాలు లేచిపోయింది. వీధినిండా శవాలు తిరుగుతున్నాయి, నెత్తుటిలో కాలు జారుతుంది, కూల్‌డ్రింకుల బీరువా తలుపు మీద నెత్తుటి చేతిముద్రలున్నాయి, అతనికేదీ కనపడదు. ముందురోజు ఆ కొట్లో చూడగానే మనవాడనిపించే మనిషి కూచుని ఉంటాడు. ఈ రోజు గల్లా దగ్గర ఎవరూ లేరు. "మనోడు పోయాడ్రా!" అని ఒక కుర్రవాడు అరిచాడు. తిరుగుదారిలో ఒక శవం చేయి చాపి షాన్ మీదికి వస్తుంది. షాన్ దాన్ని బిచ్చగాడనుకుంటాడు. చిల్లర లేదు బాబూ, కొట్లో ఇవ్వడానికే చాల్లేదు అన్న ధోరణిలో దాటిపోతాడు. దీనికి మాస్టారు కూడా నవ్వారు. ఆ నవ్వు మాత్రం చటుక్కున తెగింది. మా కాలేజీ గేటు దగ్గర రోజూ కూచునే ముసలాయనను ఆ క్షణాన ఎంతమంది తలుచుకున్నారో నాకు తెలియదు, నేను తలుచుకున్నాను.

క్రికెట్ బ్యాటు తీసినప్పుడు మాత్రం ఈలలే ఈలలు. నాయకుడి ఆయుధం బ్యాటు అయ్యేసరికి, ఇంగ్లీషు అంతంతమాత్రం వచ్చినవాళ్ళకు కూడా చిత్రం సొంతదైపోయింది. కర్నూలు వైపు నుంచి వచ్చిన విద్యార్థి ఒకడు 2021 ఫిబ్రవరిలో ప్రశాంత్ వర్మ తీసిన "జాంబీ రెడ్డి" చూసిన సంగతి చెప్పాడు. అందులో కథ కర్నూలులోనే జరుగుతుంది. ముఠాకక్షలూ, జాంబీలూ కలిసి వస్తాయి. "జాంబీలొచ్చినా మా సినిమాల్లో కొడవళ్ళకు వెతుక్కోనక్కర్లేదు సార్" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. సీమ అంటే కొడవలి తప్ప చూపించని మన సినిమాల మీద ఇంతకంటే పదునైన విమర్శ నేను చదవలేదు.

తరవాత తల్లి ఘట్టం. షాన్ తల్లి బార్బరాను దారిలో శవం కరుస్తుంది. చివరిదాకా ఆమె ఆ గాయం దాచుకుంటుంది. మీరు కంగారు పడతారని చెప్పలేదంటుంది. కళ్ళెదుటే చనిపోతుంది. ఇక ఆమె నీ తల్లి కాదు, కాల్చెయ్యమంటాడు పక్కవాడు. హాస్య చిత్రం గదా అని ముందు ఒకరిద్దరు నవ్వారు. అంతలో హాలంతా మౌనమైపోయింది. ఈ పిల్లలు 2021 వేసవిలో హైస్కూల్లో ఉన్నవాళ్ళు. ఒళ్ళు కాలిపోతున్నా ఇంట్లో చెప్పకుండా వంట చేసిన తల్లులను ఎరిగినవాళ్ళు, దగ్గరికి పోనివ్వని శవాలను దూరం నుంచే చూసినవాళ్ళు ఇందులో ఉన్నారు. మూడో వరసలో ఒక అమ్మాయి లేచి బయటికి వెళ్ళింది. ఆమె వెంట ఇంకో అమ్మాయి వెళ్ళింది. నేనేమీ అడగలేదు. లండన్‌లో రచయితలు ఈ ఘట్టాన్ని ఏ లెక్కలు వేసుకుని రాశారో గాని, మా హాల్లో అది ఆ లెక్కలకు అందలేదు. ప్రేక్షకులు చిత్రాన్ని చూడటమే కాదు, సగం వాళ్ళే రాస్తారు.

ముగింపు చూడండి. ఆరు నెలల తరవాత ప్రభుత్వం అదుపు సాధిస్తుంది. మిగిలిన శవాలను తగలెయ్యరు. సూపర్ మార్కెట్లలో తోపుడు బళ్ళు తోయిస్తారు, టెలివిజన్ పోటీల్లో ఆడిస్తారు. జాంబీ అయిపోయిన భర్తతోనే కాపురం చేస్తున్న ఇల్లాలు కూడా తెరమీద కనిపిస్తుంది. దానికి మగపిల్లలు విరగబడి నవ్వారు, ఆడపిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తోపుడు బళ్ళ దగ్గర, ఇంతసేపూ తలుపు పక్కన నిలబడి చూస్తున్న మా అటెండరు, అవుట్‌సోర్సింగు మీద పదేళ్ళుగా పనిచేస్తున్న మనిషి, "పర్లేదు సార్, చచ్చినాకైనా వాళ్ళ ఉద్యోగం పర్మినెంటయింది" అన్నాడు. చిత్రంలోని ఏ చమత్కారానికీ రానంత నవ్వు వచ్చింది. కాంట్రాక్టు లెక్చరర్నైన నేనూ నవ్వాను. హైతీ చెరకు తోట నుంచి బయలుదేరిన జాంబీ, సినిమాల్లో ఎన్నో దశాబ్దాలు మనుషుల్ని తిని తిని, చివరకు మళ్ళీ కూలీ లేని పనికే చేరింది. ఒక్క విద్యార్థి మాత్రం నవ్వలేదు. రాత్రిళ్ళు బండిమీద హోటలు భోజనాలు ఇంటింటికీ అందించి చదువుకుంటున్నవాడతను. "వాళ్ళకెవరన్నా ఉప్పు పెడితే ఏమవుద్ది సార్?" అని అడిగాడు.

దీపాలు వేశాక మాస్టారు లేచారు. ఆయన అభ్యంతరం తేలిక చేయదగ్గది కాదు. "ఇంత ప్రళయం జరిగాక ఏం మారిందోయ్? అదే సోఫా, అదే పబ్బు. స్నేహితుడు శవమైతే కొట్టాంలో గొలుసు వేసి వీడియో ఆటలాడిస్తున్నాడు. వ్యవస్థ మీద వెక్కిరింపుగా మొదలెట్టి దానితోనే రాజీపడ్డాడు మీవాడు." 1968లో జార్జి రొమేరో అతి తక్కువ ఖర్చుతో తీసిన "నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్" ముగింపు ఆయనకు చెప్పాను. అందులో రాత్రంతా శవాలతో పోరాడి బతికిన నల్లవాడిని తెల్లవారాక జాంబీ అనుకుని తుపాకీ మూక కాల్చేస్తుంది. అక్కడ రాజీ లేదు. మాస్టారు అదే చూపించవలసిందన్నారు. ఆ రొమేరోకే ఈ హాస్య చిత్రం ఎంతో నచ్చి, తన తరవాతి చిత్రంలో రైట్‌కూ పెగ్‌కూ చిన్న జాంబీ వేషాలిచ్చాడని నేనన్నాను. అది జవాబు కాదన్నారాయన. నిజమే, కాదు.

మా వాదం మధ్యలో రెండో ఏడు తెలుగు మెయిన్ అమ్మాయి నిలబడి, "సార్, లిజ్ ఎందుకు తిరిగొచ్చింది? అతను మారలేదుగా, బ్యాటు పట్టాడంతే" అన్నది. మాస్టారు చేతులు విప్పి, "ఇటు వచ్చి కూచో అమ్మా, ఆ సంగతి చెప్పు" అన్నారు. అరగంట మాట్లాడుకున్నారు. ఆమె ఇప్పుడు ఆ కథను లిజ్ వైపు నుంచి రాస్తున్నది. నాలుగు పేజీలు నాకిచ్చింది. ఐదో పేజీలో లిజ్‌ను పబ్బు తలుపు దగ్గర నిలబెట్టి, లోపలికి పంపాలా వద్దా అని వారంనుంచీ ఆలోచిస్తున్నది.