గ్రౌండులో ఆడేది మనం, సర్టిఫికెట్ ఇచ్చేది ఎవరు?

పోస్టు కొంచెం పెద్దదే, ఓపికగా చదవండి. హాస్టళ్లలో ఉండి ఆటలు ఆడేవాళ్లు మాత్రం తప్పకుండా చదవాలి.

మేము ఆదోనిలో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్న తాండా పిల్లలం. మా ఇళ్లల్లో కాలేజీ గడప తొక్కినోళ్లలో మేమే మొదటోళ్లం. ఇంట్లోవాళ్లు ఏటా సుగ్గికి గుంటూరు దిక్కు మిరప కోతలకు పోతారు. సాయంత్రమైతే మాకు బాస్కెట్‌బాలే లోకం. ఆదివారం కుదిరితే ఎమ్మిగనూరు పిల్లలతో మ్యాచ్ పెట్టుకుంటాం.

మాలో ఒక తమ్ముడు బాగా ఆడతాడు. ఒక సంఘం వాళ్లు "జాతీయ పోటీలు" అని పిలిచి, ఎంట్రీ ఫీజు, డ్రెస్సు, ప్రయాణం అని డబ్బు కట్టించుకున్నారు. వాళ్ల బా సుగ్గి కూలి డబ్బుల్లోంచి తీసి ఇచ్చాడు. పోయి ఆడి గెలిచొచ్చినాడు, మెడల్ తెచ్చినాడు, రంగు రంగుల సర్టిఫికెట్ కూడా తెచ్చినాడు. స్పోర్ట్స్ కోటాకు పెడితే "ఈ సంఘానికి గుర్తింపు లేదు" అని వెనక్కి పంపినారు. ఆట నిజం, చెమట నిజం, కాగితం మాత్రం చెల్లలేదు. ఆ రాత్రి ఆ పిల్లోడు అన్నం తినలేదు. అప్పటినుంచి మేము నలుగురం కూర్చుని, అసలు ఈ ఆటను ఎవరు నడుపుతారు, ఎవరి సంతకం చెల్లుతుంది అని తెలుసుకున్నాం. అది మీకూ పనికొస్తుందని రాస్తున్నాం.

అన్నిటికంటే పైన ఉండేది ఫిబా. 1932లో జెనీవాలో 8 దేశాలు కలిసి పెట్టుకున్న అంతర్జాతీయ సంఘం. ఇప్పుడు అందులో 212 దేశాల సంఘాలున్నాయి. ఒక దేశానికి ఒక్క సంఘాన్నే ఫిబా ఒప్పుకుంటుంది. మన దేశానికి అది బాస్కెట్‌బాల్ ఫెడరేషన్ ఆఫ్ ఇండియా, అంటే బీఎఫ్ఐ. 1950లో ఏర్పడింది. దాని కింద రాష్ట్ర సంఘాలు, రాష్ట్ర సంఘం కింద జిల్లా సంఘాలు, జిల్లా సంఘం కింద క్లబ్బులు. మన పంచాయతీ, మండలం, జిల్లా లాగా ఊహించుకోండి. కాకపోతే ఇది ప్రభుత్వ శాఖ కాదు. ప్రభుత్వం గుర్తింపు ఇస్తుంది, కొంత నిధులిస్తుంది, కానీ నడిపేది ఎన్నికైన సభ్యులు.

ఎన్నిక ఎట్లా అంటే, ఆడే పిల్లలకు నేరుగా ఓటు లేదు. రాష్ట్ర సంఘాల ప్రతినిధులు కలిసి అధ్యక్షుడు, ప్రధాన కార్యదర్శి, కోశాధికారి, మిగతా కార్యవర్గాన్ని ఎన్నుకుంటారు. జాతీయ జట్టు ఎంపిక, కోచ్‌లు, జాతీయ పోటీల తేదీలు, రిఫరీల పరీక్షలు అన్నీ ఈ కార్యవర్గం చేతిలోనే. అంటే కింద జిల్లాలో ఎవరు కూర్చున్నారన్నది పైదాకా లెక్కకొస్తుంది.

పెద్దోళ్లు కొట్లాడుకుంటే ఏమవుతుందో 2015లో చూడొచ్చు. ఆ మార్చిలో బెంగళూరులో ఒక ఎన్నిక జరిగి కె. గోవిందరాజ్ అధ్యక్షుడయ్యారు. పుణెలో ఇంకో ఎన్నిక జరిగి పూనమ్ మహాజన్ అధ్యక్షురాలయ్యారు. ఒకే ఆట, రెండు ఫెడరేషన్లు. చివరికి ఫిబా గోవిందరాజ్ వర్గాన్ని గుర్తించింది. పైన రెండు కుర్చీలు పడితే, ఏ కుర్చీ కింద ఆడినారన్నది పిల్లల మెడకు చుట్టుకుంటుంది.

ఇట్లాంటివి తగ్గించాలని 2025 ఆగస్టులో పార్లమెంటు జాతీయ క్రీడా పరిపాలన చట్టం చేసింది. దాని ప్రకారం ఫెడరేషన్లకు గుర్తింపు ఇచ్చేందుకు జాతీయ క్రీడా బోర్డు, గొడవలు తేల్చేందుకు ట్రిబ్యునల్ ఉంటాయి. కార్యవర్గంలో 15 మందికి మించకూడదు. అందులో కనీసం నలుగురు ఆడవాళ్లు ఉండాలి, క్రీడాకారులకూ చోటు ఉండాలి. ప్రభుత్వ డబ్బు తీసుకునే సంఘాన్ని సమాచార హక్కు కింద అడగొచ్చు. ఈ చివరిది మనకు చాలా ముఖ్యం.

ఇప్పుడు కాగితం సంగతి. కేంద్ర ఉద్యోగాల స్పోర్ట్స్ కోటాలో పోటీని బట్టి వేరువేరు ఫారాలున్నాయి. దేశం తరఫున ఆడితే ఫారం 1, జాతీయ ఫెడరేషన్ కార్యదర్శి సంతకం. రాష్ట్రం తరఫున జాతీయ పోటీల్లో ఆడితే ఫారం 2, రాష్ట్ర సంఘం కార్యదర్శి సంతకం. అంతర్ విశ్వవిద్యాలయ పోటీలకు ఫారం 3, యూనివర్సిటీ క్రీడా విభాగం డైరెక్టరు లేదా డీన్ సంతకం. జాతీయ పాఠశాల పోటీలకు ఫారం 4, విద్యాశాఖది. మన రాష్ట్రంలో 2025 మెగా డీఎస్సీలో స్పోర్ట్స్ కోటా కింద 421 టీచర్ పోస్టులిచ్చారు. రాష్ట్ర కోటా 3 శాతం. ఇది చిన్న అవకాశమేమీ కాదు.

అందుకే ఎవరైనా పోటీలకు పిలిస్తే డబ్బు కట్టకముందే నాలుగు మాటలు అడగండి.

1. మీ సంఘం ఏ రాష్ట్ర సంఘానికి అనుబంధం? కాగితం చూపించండి.
2. ఆ రాష్ట్ర సంఘం బీఎఫ్ఐ జాబితాలో ఉందా?
3. గెలిస్తే ఏ ఫారం ఇస్తారు, సంతకం ఎవరిది?
4. కట్టిన డబ్బుకు రసీదు ఇస్తారా?

జవాబు నీళ్లు నమిలినట్టు వస్తే కట్టొద్దు. పీఈటీ సార్‌ను అడగండి, లేకుంటే జిల్లా క్రీడాభివృద్ధి అధికారి ఆఫీసుకు పోయి అడగండి. అడగడానికి సిగ్గుపడొద్దు, అది మన హక్కు.

ఇంకో మాట. ఆదోని నుంచి కర్నూలు దగ్గరదగ్గర వంద కిలోమీటర్లు. సెలెక్షన్ కబురు పట్నంలో తిరిగి తిరిగి మన దాకా వచ్చేసరికి బస్సు కూడా దొరకదు. ఆదోని, ఎమ్మిగనూరు హాస్టళ్ల పిల్లలం కలిసి ఒక క్లబ్బు పెట్టి, జిల్లా సంఘంలో అనుబంధానికి దరఖాస్తు చేయాలనుకుంటున్నాం. అప్పుడు కబురు నేరుగా మనకే వస్తుంది. ఇంతకుముందు క్లబ్బు రిజిస్ట్రేషన్ చేయించిన అన్నలు, అక్కలు ఎవరైనా ఉంటే కింద రాయండి. ఏ కాగితాలు కావాలి, ఎంత ఖర్చు అవుతుంది చెప్పండి. ఆ తమ్ముడికి ఇంకా వయసుంది, ఈసారి సరైన పోటీలకే పంపుతాం.