కార్బన్ ముఖం

పోయినేడు జూన్‌లో మా పెరటి మిట్ట దగ్గర ట్రాక్టరు మొరాయించింది. చదును నేల మీద బాగానే నడుస్తోంది. ఏటవాలు రాగానే నీరసపడిపోతోంది. గడ్డి కోసే బ్లేడ్లకు వేరే మోటార్లున్నాయి, వాటికేమీ కాలేదు. జబ్బంతా బండిని లాగే పెద్ద మోటారుదే.

మేముండేది న్యూయార్క్ రాష్ట్రంలో. ఈ బండి జనరల్ ఎలక్ట్రిక్ వాళ్లు 1969లో మొదలుపెట్టి కొన్నేళ్లు మాత్రమే తయారుచేసిన ఎలెక్‌ట్రాక్. ఆరు వోల్టుల బ్యాటరీలు ఆరు వరుసగా కలిపితే 36 వోల్టులు. పొగ లేదు, పెట్రోలు వాసన లేదు. నాకు ప్రాణమైన బండి.

అందరూ చెప్పినట్టే ముందు బ్యాటరీలు మార్చాను. ఆరూ కొత్తవే. ఒక్కోటి 6.3 వోల్టుల పైనే చూపించింది. అయినా మిట్ట ఎక్కలేదు. అప్పుడు గుర్తొచ్చారు హైదరాబాద్ శాలిబండలో మా గల్లీ చివరి వైండింగ్ షాపు ఉస్తాద్.

ఎనభైల్లో ఎండాకాలం వచ్చిందంటే మా ఇళ్లలో లో వోల్టేజీ. బావి మోటార్లు తక్కువ వోల్టేజీలో ఎక్కువ కరెంటు లాగి వేడెక్కి కాలిపోయేవి. నాన్న మోటారును రిక్షాలో వేయించి నన్నూ వెంట తీసుకెళ్లేవాడు. కాలిన వార్నిష్ వాసన గల్లీ మొదట్లోనే తగిలేది. ఉస్తాద్ ముందుగా మీటరు తీసేవారు కాదు. ఇంకా తిరిగే మోటారైతే దానికి పని పెట్టి కాసేపు నడిపించి, ఆపి, వైర్ల కీళ్లన్నీ వేళ్లతో తడిమేవారు. ఎక్కడ చురుక్కుమంటే అక్కడ జబ్బు.

నేనూ అదే చేశాను. బండిని రెండు మూడుసార్లు మిట్ట మీదికి తోలి, స్విచ్ ఆపి, బ్యాటరీ తీగల కొసలు తడిమాను. రెండు చోట్ల వేలు ఆనించలేకపోయాను. వంద ఆంపియర్లు పారేటప్పుడు ఒక కీలులో ఓమ్‌లో వందో వంతు నిరోధం ఉంటే చాలు, అక్కడే ఒక వోల్టు పోతుంది, వంద వాట్లు వేడిగా మారతాయి. బండి ఊరికే నిలబడి ఉంటే ఆ లోపం మామూలు మీటరుకు అందదు. కరెంటే పారనప్పుడు వోల్టేజీ పడిపోవడం ఎక్కడిది? కొసలు విప్పి గీకి, శుభ్రం చేసి బిగించాను. కొంత నయమైంది. పూర్తిగా కాదు.

మోటారు వెనక మూత విప్పితే, తిరిగే కమ్యుటేటర్‌కు ఆని కరెంటు అందించే కార్బన్లు కనిపించాయి. సగానికి పైగా అరిగి, ఒక అంచు పెచ్చులూడి ఉన్నాయి. సరిగ్గా ఆ కొలతవి నాకు దొరకలేదు. డిసెంబరులో హైదరాబాద్ వెళ్తూ వాటిని రుమాల్లో చుట్టి సూట్‌కేసులో పెట్టుకున్నాను, కమ్యుటేటర్ ఫోటోలు ఫోన్లో.

షాపు అక్కడే ఉంది. ఉస్తాద్‌కు గడ్డం పూర్తిగా నెరిసింది. ఇప్పుడు మిక్సీలు, డ్రిల్లింగ్ మిషన్లు, ఆటోల సెల్ఫ్ మోటార్లు వస్తున్నాయట. కొత్త ఎలక్ట్రిక్ ఆటోల మోటార్లకు కార్బన్లే ఉండవు. ఆ మాట ఆయన మామూలుగానే అన్నారు, నాకే గుండె బరువెక్కింది.

"ఖాలీ చల్‌తా? లోడ్ పే మర్‌తా?" అన్నారు. ఖాళీగా నడుస్తుందా, బరువు పడితే చస్తుందా అని. అవునన్నాను. కార్బన్‌ను వెలుతురుకు పట్టి దాని ముఖం చూశారు. కమ్యుటేటర్ రాగి పట్టీల మధ్య మైకా ఉంటుంది కదా, రాగి అరిగినంత తొందరగా అది అరగదు, పైకి లేస్తుంది. దాని మీద కార్బన్ ఎగిరెగిరి పడుతుంది, నిప్పురవ్వలు వస్తాయి, కరెంటు పూర్తిగా అందదు. కరెంటు తగ్గితే లాగే బలం తగ్గినట్టే. అంచు పెచ్చు చూసే ఇదంతా చెప్పేశారు.

డబ్బాలోంచి పెద్ద కార్బన్లు రెండు తీశారు. ఒకటి నల్లగా ఉంది, రెండోదానికి ఎర్రటి మెరుపు. నల్లది పక్కన పెట్టేశారు. తక్కువ వోల్టేజీ, ఎక్కువ కరెంటు మోటారుకు రాగి కలిపిన కార్బన్ కావాలి. ఎర్రదాన్ని కోసి, ఆకురాయితో రుద్ది, పాతదాని పక్కన పెట్టి కొలుస్తూ అరగంటలో నాలుగు చేసిచ్చారు. ఎమరీ కాగితం వాడొద్దని రెండుసార్లు హెచ్చరించారు. దాని రజను పట్టీల మధ్య చేరి షార్ట్ చేస్తుందట.

ఏప్రిల్‌లో మంచు కరిగాక హ్యాక్సా బ్లేడు ముక్కతో మైకాను రాగి కంటే కొంచెం లోతుగా గీకాను. ఒక్కో గాడి, చాలా ఓపికగా. కమ్యుటేటర్ చుట్టూ సన్నటి జీరో నంబరు గరుకు కాగితం గరుకువైపు పైకి వచ్చేలా చుట్టి, చేత్తో తిప్పుతూ కొత్త కార్బన్ల ముఖాలకు గుండ్రటి వంపు తెప్పించాను. పొడి అంతా ఊడ్చేశాక బిగించాను.

మే మొదటి ఆదివారం బండి మిట్ట ఎక్కింది. ఆగకుండా, కడదాకా. పైన దాన్ని ఆపి కాసేపు అలాగే కూర్చున్నాను. నాన్న ఉంటే ఫోన్ చేసేవాణ్ణి.

వేసవి అయ్యాక కార్బన్లు విప్పి చూపించమని ఉస్తాద్ చెప్పి పంపారు. సెప్టెంబరులో నాలుగింటి ముఖాలూ ఫోటో తీసి వాళ్లబ్బాయి ఫోన్‌కు పంపాను. తెల్లారేసరికి ఉస్తాద్ గొంతుతో జవాబు వచ్చింది. మూడు బాగున్నాయట. నాలుగోదాని ముఖం మీద మెరుపు సగమే ఉంది, అక్కడ స్ప్రింగు వేడికి పట్టు తప్పింది, చలికాలం రాకముందే మార్చమన్నారు.