పరకాయ ప్రవేశం

2023 సంక్రాంతికి ఆత్మకూరు వెళ్ళినప్పుడు, పాత ఇనుప సామాన్ల అంగడిలో మా బడి కంప్యూటరు కనిపించింది. రెక్కలు వంగిన సీలింగు ఫ్యానులకూ చిల్లుపడిన రేకు డబ్బాలకూ నడుమ తలక్రిందులుగా పడి ఉంది. ఒకప్పటి మీగడ రంగు ముదిరి పొగాకు మరక రంగులోకి మారిపోయింది గాని, పైవరుసలోని పది ఎర్ర మీటలు, ప్రక్కన చుక్కలతో గీసిన గుడ్లగూబ బొమ్మ అలాగే ఉన్నాయి. అడుగున తెల్ల పెయింటుతో వ్రాసిన 3 అంకె చూశాక ఇక సందేహం మిగలలేదు. ఆ అంకె వేసింది మా లెక్కల మాస్టారు. అంగడి యజమాని దాన్ని కాటాలో పెట్టి తూచి, "ప్లాస్టిక్కుకు ఒక రేటు, లోపల రాగి ఉంటాది గదా, దానికొక రేటు" అని నాలుగు వందలు అడిగాడు. బేరమాడకుండా ఇచ్చేశాను.

ఆ యంత్రం పేరు బీబీసీ మైక్రో. ఇంగ్లండులో బీబీసీ వారు జనానికి కంప్యూటరు విద్య నేర్పాలని తలపెట్టిన కార్యక్రమం కోసం కేంబ్రిడ్జిలోని ఏకార్న్ అనే సంస్థ దాన్ని 1981 డిసెంబరులో విడుదల చేసింది. మన కేంద్ర ప్రభుత్వం 1984లో 'క్లాస్' పేరుతో పాఠశాలల్లో కంప్యూటరు పరిచయ పథకం మొదలుపెట్టినప్పుడు ఎంచుకున్నది దీన్నే. మొహాలీలోని ప్రభుత్వ సంస్థ సెమీకండక్టర్ కాంప్లెక్స్ వారు యూనికార్న్ అనే పేరుతో మన దేశంలోనూ దీన్ని తయారుచేశారు. 2 మెగాహెర్ట్జ్ వేగం, 32 కిలోబైట్ల జ్ఞాపకశక్తి. ఈనాడు శుభోదయం అంటూ ఫోనుల్లో పంపుకునే పూల బొమ్మ ఒక్కటి కూడా అందులో పట్టదు.

1987లో నేను తొమ్మిదో తరగతి. ఐదు యంత్రాలకు ఒక గది, గదికి తాళం, కిటికీలకు కొత్త పరదాలు. చెప్పులు బయట విడిచి, చేతులు కడుక్కుని లోపలికి వెళ్ళాలి. అంతవరకు అంత మర్యాద మేము గుడికి తప్ప మరి దేనికీ చేసి ఎరుగము. మాస్టారిది ఉదయగిరి. సోమవారం పొద్దున మొదటి బస్సుకు వచ్చి, శనివారం సాయంత్రం వెళ్ళేవారు. కొద్ది వారాల శిక్షణ తప్ప ఆయనకూ ఆ యంత్రంతో పూర్వపరిచయం లేదు. ఆ సంగతి ఆయన దాచుకోలేదు. "దానికీ ఏమీ తెలీదు, మీకూ ఏమీ తెలీదు, నాకూ అంతంత మాత్రమే. ముగ్గురం కలిసి నేర్చుకుందాం పట్టండి" అన్నారు మొదటి రోజే.

మీట వెయ్యగానే రెండు స్వరాల కూత. తెర మీద రెండు మూడు పంక్తులు, వాటి క్రింద ఒక బాణపు గుర్తు, ప్రక్కన మినుకుమినుకుమనే గీత. అంతే. ఏమి చెయ్యమంటావు అని అది మనల్ని అడుగుతున్నట్టు ఉండేది. అంతకుముందు నన్ను ఎవరూ అలా అడిగిన జ్ఞాపకం లేదు. ఒక్కొక్కరికి పది నిమిషాలు. ఆ పది నిమిషాల్లో కరెంటు పోతే, వ్రాసిన ప్రోగ్రామూ దానితోపాటే పోయేది.

నెలకొకసారి మాస్టారు స్క్రూలు విప్పి పై మూత తీసేవారు. "ఇదీ మెదడు, దీని పేరు 6502. ఇదీ జ్ఞాపకం. ఇదీ అచ్చు వేసే చోటు" అని స్పోకు పుల్లతో చూపించేవారు. రామాయణంలో పాత్రలను చెప్పినట్టు చెప్పేవారు. అర్థమైనా కాకపోయినా, ఆ పెట్టెలో మాకు తెలియని మూల ఏదీ లేదనే ధైర్యం మాత్రం మిగిలేది.

ఆయనకు ఒక పిచ్చి ఉండేది. ఆ యంత్రం చేత తెలుగు వ్రాయించాలని. ఎనిమిది చుక్కల పొడవు, ఎనిమిది చుక్కల వెడల్పు గల గడిలో మనకు కావలసిన ఆకారాన్ని అంకెల రూపంలో చెప్పుకునే సదుపాయం దానిలో ఉంది. మామూలుగా అలాంటి ఖాళీ గళ్ళు 32. మన అక్షరాలు యాభై ఆరు, ఆపైన గుణింతాలు, ఒత్తులు. మాస్టారు తలకట్టును ఒక గడిలో, గుడిని ఒక గడిలో విడదీసి పెట్టుకుని, రాత్రుళ్ళు లాంతరు ముందు గళ్ళ కాగితం మీద చుక్కలు నింపుతూ కూర్చునేవారు. సులువుగా ఇమిడింది సున్న ఒక్కటే. 60, 66, 129, 129, 129, 129, 66, 60. ఈ ఎనిమిది అంకెలు ఇన్నేళ్ళైనా నేను మరచిపోలేదు. ఆ సున్న తెర మీద కనపడిన రోజు ఆయన మాకందరికీ తలా ఒక బొరుగుల ఉండ కొనిపెట్టారు. తెలుగుకు యూనికోడ్‌లో చోటు దొరికింది 1991లో. అంతకు నాలుగేళ్ళ ముందే ఆత్మకూరులో ఒక లెక్కల మాస్టారు ముప్పై రెండు గళ్ళతో ఆ పనికి పూనుకున్నారు.

ఇక నా నిర్వాకం చెబుతాను. పెట్టెను ఇంటికి తెచ్చి, తుడిచి, కడుపు నిండా ఆశతో ప్లగ్గు పెట్టాను. నిమిషం గడవక ముందే లోపలి నుంచి గుప్పున పొగ, ముక్కులు బద్దలయ్యే వాసన. బోర్డు మాడిపోయిందనుకున్నాను. దాన్ని ఊడదీసి, పాత చీరలో చుట్టి, అటక మీద పడేశాను. ఖాళీ పెట్టెలో ఒక రాస్ప్‌బెర్రీ పై అమర్చాను. పేకముక్కల కట్టంత ఉండే చిన్న కంప్యూటరు అది. పాత మీటలను దానికి కలిపాను. బీబీసీ మైక్రోను అనుకరించే ప్రోగ్రాము వేశాను. అదే కూత, అదే బాణపు గుర్తు, అదే మినుకుమనే గీత. పైగా టీవీకి నేరుగా తగిలించుకోవచ్చు, ఇంటర్నెట్టు కూడా వస్తుంది. దీన్ని మాస్టారికి చూపించాలని నిశ్చయించుకున్నాను.

నేను చేసిన పని కొత్తదేమీ కాదు. ఏకార్న్ పేరునే 2006లో ఇంగ్లండులో ఒక కొత్త సంస్థ చేపట్టి, ఆ పేరుతో మామూలు విండోస్ ల్యాప్‌టాప్‌లు అమ్మింది. కొద్ది సంవత్సరాలకే మూతపడింది. 1982లో వచ్చిన కమొడోర్ 64 అమెరికా ఇళ్ళల్లో ఎంతో ప్రసిద్ధమైన యంత్రం. 1994లో ఆ కంపెనీ దివాలా తీసింది. 2011లో ఫ్లోరిడాలో కమొడోర్ యూఎస్‌ఏ అనే సంస్థ ఆ పాత పెట్టె ఆకారాన్నే మళ్ళీ పోతపోయించి, లోపల ఇంటెల్ ఆటమ్ ప్రాసెసరు పెట్టి అమ్మింది. 2012 చివర స్థాపకుడు మరణించాక అదీ ఆగిపోయింది. మన దేశంలో 2017లో వచ్చిన సారెగమ కారవాన్ కూడా ఈ జాతిదే. పైన తాతలనాటి రేడియో, లోపల చిప్పులో ఐదు వేల పాటలు.

మన పెద్దలు దీనికి ఏనాడో పేరు పెట్టి ఉంచారు, పరకాయ ప్రవేశమని. శంకరాచార్యుల వారు మరణించిన అమరుక మహారాజు శరీరంలో ప్రవేశించినప్పుడు, శిష్యులు గురువుగారి అసలు శరీరాన్ని గుహలో భద్రపరచి కాపలా కాశారని కథ. ఈ రెండో భాగం అప్పట్లో నాకు తట్టలేదు.

పెట్టెను ఒళ్ళో పెట్టుకుని ఆత్మకూరులో బస్సెక్కాను. ఉదయగిరి కొండ దూరాన కనిపించడం మొదలైనప్పటి నుంచి, చిన్నప్పుడు మాస్టారు చెప్పిన చరిత్ర పాఠం జ్ఞాపకానికి వస్తూ ఉంది. గజపతుల చేతిలో ఉన్న ఆ దుర్గాన్ని కృష్ణదేవరాయలు నెలల తరబడి ముట్టడించి 1514లో పట్టుకున్నాడు. అక్కడి బాలకృష్ణ విగ్రహాన్ని విజయనగరానికి తీసుకుపోయి, గుడి కట్టించి, 1515లో ప్రతిష్ఠ చేశాడు. ఆ విగ్రహం ఇప్పుడు చెన్నై మ్యూజియంలో ఉంది. కోట ఉదయగిరిలో, గుడి హంపీలో, దేవుడు చెన్నైలో. నా ఒళ్ళో ఉన్న పెట్టె సంగతీ ఇంచుమించు ఇంతేనన్న ఆలోచన వచ్చింది గాని, దాన్ని అక్కడే తుంచేశాను.

మాస్టారికి ఎనభై దాటాయి. ఎడమ కంటి చూపు తగ్గింది. "ఎట్టుండావు నాయనా" అంటూనే ఆయన చూపు పెట్టె మీద పడింది. ముందు దాన్ని తిరగేసి 3 అంకెను వేలితో తడిమారు. టీవీకి తగిలించి స్విచ్చి వేశాను. కూత వినగానే ఆయన ముఖం వికసించింది. లోపలి నుంచి అమ్మగారు కూడా వచ్చి నిలబడ్డారు. మాస్టారు నాలుగు పంక్తులు టైపు చేశారు, నడిచాయి. తరువాత, నేను ఊహించినట్టే, స్క్రూడ్రైవరు అడిగారు.

మూత తీసి చాలాసేపు చూశారు.

"ఇదేందిరా, ఇంత పెద్ద ఇంట్లో ఇంత చిన్న కాపురం?"

నేను సంజాయిషీ మొదలుపెట్టాను. "అలా కాదు సార్. దీనిలో ఉన్నది ఏఆర్ఎమ్ జాతి ప్రాసెసరు. ఆ జాతిని పుట్టించింది కూడా ఏకార్న్ వాళ్ళే, సోఫీ విల్సన్, స్టీవ్ ఫర్బర్ అనే ఇద్దరు. 1985 ఏప్రిల్ 26న మొట్టమొదటి ఏఆర్ఎమ్ చిప్పు ప్రాణం పోసుకున్నది ఇలాంటి బీబీసీ మైక్రోకు తగిలించినప్పుడే. ఇప్పుడు మన ఫోనులన్నిటిలో ఉన్నది దాని సంతానమే. ఏకార్న్ కంపెనీ పేరు పోయింది గాని, దాని వంశం నిలబడింది. ఈ రాస్ప్‌బెర్రీ పైని 2012లో విడుదల చేసినప్పుడు మోడల్ ఏ, మోడల్ బి అని పేర్లు పెట్టింది కూడా బీబీసీ మైక్రో మీద గౌరవంతోనే."

"అంటే దీనికి ఇది మనవడన్నమాట."

"అవును సార్."

"మంచిదే. తాత ఇంట్లో మనవడు ఉంటే తప్పేముంది? మరి తాతను ఎక్కడ పెట్టినావు?"

అటక మీద ఉన్నాడని చెప్పడానికి నోరు రాలేదు. మాడిపోయింది సార్, అన్నాను. ఏ మూల మాడింది, నువ్వు చూసినావా, అని అడిగారు. చూడలేదు. పొగ చూశాను, అంతే. మాస్టారు కోప్పడలేదు. చిన్న బోర్డు వైపు వేలు చూపించి, "దీనిలో మెదడెక్కడ, జ్ఞాపకమెక్కడ, పిల్లోళ్ళకు చూపించు చూద్దాం" అన్నారు. అన్నీ ఒక గోరంత నల్లటి పెంకు క్రింద ఉన్నాయి. చూపించడానికేమీ లేదు. అమ్మగారు కాఫీ తెచ్చారు గనుక సంభాషణ వేరే దారి పట్టింది. బయలుదేరేటప్పుడు ఆయన లోపలికి వెళ్ళి ఒక పాత నోటుబుక్కు తెచ్చి ఇచ్చారు. పేజీ నిండా గళ్ళు, గళ్ళలో చుక్కలు, ప్రక్కన అంకెలు. క్యాసెట్టు ఎన్నడో పాడైపోయిందట. కాగితం నిలిచింది.

తిరుగు ప్రయాణంలో ఆలోచించాను. 2006 ఏకార్నూ 2011 కమొడోరూ ఎందుకు నిలవలేదు? డబ్బు కారణాలు, మరణాలు ఉండనే ఉన్నాయి. కాని ఆ పెట్టెలను తెరిచినవారికి లోపల కనిపించింది బజారులో ఎక్కడైనా దొరికే సరుకే. దీనికి భిన్నమైనది స్పెక్ట్రమ్ నెక్స్ట్. 1982 నాటి సింక్లెయిర్ స్పెక్ట్రమ్ మీద ప్రేమ ఉన్నవారు 2017లో చందాలు పోగుచేసి దాన్ని తలపెట్టారు. అందులో వాడినది ఎఫ్‌పీజీఏ అనే జాతి చిప్పు. మనమిచ్చిన పటం ప్రకారం తన లోపలి అల్లికనే మార్చుకుని, పాత యంత్రం ఎలా పనిచేసేదో అలా పనిచేస్తుంది. నేను వేసిన అనుకరణ ప్రోగ్రాము పగటివేషం వంటిదైతే, ఇది ఎముకల దాకా పోయిన మార్పు. ఆ అల్లిక పటాన్ని నేర్చుకోవచ్చు, మార్చుకోవచ్చు. 1982లో పాత పెట్టెకు రూపమిచ్చిన రిక్ డికిన్సన్ చేతనే కొత్త పెట్టెకూ రూపం గీయించారు. కొన్నవారి చేతికి అది అందేసరికి 2020 వచ్చింది. 2018 ఏప్రిల్‌లోనే ఆయన కన్నుమూశారు. కమొడోర్ పేరు కూడా 2025లో ఒక అభిమాని బృందం చేతికి వచ్చి, ఈ ఎఫ్‌పీజీఏ పద్ధతిలోనే కమొడోర్ 64ను మళ్ళీ అమ్మకానికి తెచ్చింది. పాత పేరును తిరిగి తెచ్చేవారు మూత తీసి చూపించడానికి లోపల ఏదైనా మిగిల్చారా లేదా అన్నదే నా మటుకు నాకు పరీక్ష. ఆ పరీక్షలో మొదట తప్పింది నేనే.

ఇంటికి చేరిన రాత్రే అటక ఎక్కాను. చీర విప్పి బోర్డును దీపం క్రింద పరిశీలిస్తే ఎక్కడా మసి లేదు. పొగ వచ్చింది బోర్డు నుంచి కాదు, ప్రక్కనున్న పవర్ సప్లై పెట్టె నుంచి. దానిలోని ఒక కెపాసిటరు వయసు మీదపడి పగిలింది. ఈ యంత్రాల్లో అది అతి సాధారణమైన జబ్బని, బోర్డుకు సామాన్యంగా ఏమీ కాదని తరువాత తెలుసుకున్నాను. కొత్త కెపాసిటర్లకు వంద రూపాయలు కూడా కాలేదు. వంద రూపాయల వైద్యం చేయించక తాతను అటకెక్కించాను.

బోర్డును దాని చోట దాన్ని బిగించి స్విచ్చి వేశాను. కూత వచ్చింది. నోటుబుక్కు మొదటి పేజీ తీసి, చూడకుండానే తెలిసిన ఆ ఎనిమిది అంకెలను చూసి మరీ టైపు చేశాను. తెర మీద సున్న వెలిగింది. నిజం చెప్పాలంటే రాస్ప్‌బెర్రీ పై మీదనైనా సరిగ్గా ఇలాంటి సున్నే వచ్చి ఉండేది. చూడడానికి తేడా ఏమీ లేదు. అయినా మాస్టారికి ఫోను చేశాను.

"తాత లేచినాడు సార్."

"సున్న వచ్చిందా?"

"వచ్చింది సార్."

"మూత తీసే పెట్టినావా?"

"తీసే ఉంది సార్."

"అయితే పిల్లోళ్ళను పిలువు" అన్నారు.

మా అన్నగారి మనవరాలు వచ్చి కూర్చుంది. దానికి తొమ్మిదేళ్ళు. స్పోకు పుల్ల దొరకలేదు గాని, ఊదుబత్తి పుల్లతో మెదడునూ జ్ఞాపకాన్నీ చూపించాను. నోటుబుక్కులో ఇంకా ముప్పై ఒక్క గళ్ళున్నాయి. రోజుకొకటి చొప్పున అది చదువుతూ ఉంటే నేను టైపు చేస్తున్నాను.