చెంచాడు అవిసె గింజలు

మనం తినే వస్తువులను రెండు దృష్టులతో చూస్తాము. ఆకలి తీర్చే ఆహారంగా చూడడం ఒకటి, రోగం కుదిర్చే ఔషధంగా చూడడం మరొకటి. ఈ రెండింటి నడుమ గల హద్దు చెరిగిపోయిన నాడు ఎంత మంచి పదార్థమైనా ఇంటికి చేటు తేగలదు. ఈ సంగతిని మేము గ్రంథాలలో చదివి తెలుసుకోలేదు. మా వంటింటి అలమరలో ఒక మూలనుండే చిన్న డబ్బా వల్ల తెలుసుకున్నాము. ఆ డబ్బాలో ఉండేవి అవిసె గింజలు.

అవిసె అనగానే కొందరికి అవిసె చెట్టు స్ఫురించవచ్చు. ఆకును, పూవును కూరగా వండుకునే ఆ చెట్టు వేరు, మేము చెప్పబోయే పంట వేరు. ఇది నడుమెత్తు మించని సన్నని మొక్క. వర్షాకాలపు తేమ ఆరక మునుపే నల్లరేగడి నేలలో విత్తితే, చలికాలపు మంచులో పెరిగి, లేత నీలిరంగు పూలు పూచి, ఎండలు ముదిరే వేళకు కోతకు వస్తుంది. గింజ నువ్వు గింజ కంటె కొంచెం పెద్దది. చదునుగా, గోధుమ వన్నెతో, దోసిట నిలువక జారిపోయేటంత నునుపుగా ఉంటుంది. సంస్కృతంలో దీనిని అతసి అన్నారు. ఈ మొక్క నార నుండి నేసిన వస్త్రానికే క్షౌమమని పేరు. ప్రాచీన ఈజిప్టు ప్రజలు తమ మృతదేహాలను చుట్టినది కూడ ఈ నారబట్టతోనే. 1753లో స్వీడను దేశపు వృక్షశాస్త్రవేత్త లిన్నేయస్ దీనికి 'లైనమ్ యుసిటాటిసిమమ్' అని నామకరణం చేశాడు. అందులోని రెండవ మాటకు 'మిక్కిలి ఉపయోగకరమైనది' అని అర్థం.

మా కళాశాలలో ఈ గింజకు ఒక్క పేరు లేదు. మేము ఇంటి నుండి తెచ్చుకున్న పొడిని 'అవిసె కారం' అంటే, మా బల్లపై కూర్చునే ఉర్దూ మిత్రుడు రుచి చూసి, "అరె భయ్యా, ఇది మా అల్సీ చట్నీయే కదా!" అన్నాడు. నాందేడులో బంధువులున్న మరొక మిత్రుడు దీనిని 'జవస్' అన్నాడు. కలబురగి వైపు నుండి వచ్చిన మూడవవాడు 'అగసె' అన్నాడు. నలుగురి ఇండ్లలోను దానికి తోడు జొన్నరొట్టెయే. ఆలోచించి చూడగా ఇందులో ఆశ్చర్యమేమీ కనబడలేదు. 1956 నవంబరు 1వ తేదీ వరకు నాందేడు, బీదరు, కలబురగి, మన తెలంగాణ జిల్లాలు ఒకే హైదరాబాదు రాష్ట్రంలో ఉండేవి. ఆనాడు రాష్ట్రపు సరిహద్దులు మారాయి గాని పొయ్యి మీది పెనం మారలేదు, రొట్టె పక్కన పెట్టుకునే పొడి మారలేదు. ఒకే గింజకు నాలుగు భాషలలో నాలుగు పేర్లుండడం మా భోజనపు బల్లకు ఒక శోభగానే తోచింది.

అయినను ఈ గింజకు చాలకాలం గౌరవం దక్కలేదు. మా అమ్మమ్మ ప్రతి దినం రొట్టెతో అవిసె కారం తినేది. అతిథులు వచ్చినప్పుడు మాత్రం మా అమ్మ ఆ డబ్బాను కందిపొడి డబ్బా వెనుకకు నెట్టేది. గానుగాడిన పిదప మిగిలే అవిసె చెక్క పశువుల దాణా, నూనె వడ్రంగుల సామగ్రి. అట్టి వస్తువును పదిమంది ఎదుట వడ్డించడం ఆమెకు చిన్నతనంగా ఉండేది. ఇప్పుడు ఆ గింజలే అందమైన సంచులలో, ఆంగ్లపు పేరుతో, నగరపు దుకాణాలలో ఖరీదైన వస్తువుల వరుసలో నిలబడ్డాయి. గింజ మారలేదు. దానిని చూచే మన చూపు మారింది.

దీని స్వభావమెట్టిదో క్రికెట్ ఆడే విద్యార్థులకు కొంత తెలుసు. కొత్త బ్యాటుకు మనం రాసే లిన్సీడ్ నూనె అవిసె నూనెయే. అది గాలిలోని ప్రాణవాయువుతో కలిసి మెల్లగా గట్టిపడి, కొయ్యపై పొరగా ఏర్పడుతుంది. చిత్రకారుల రంగులలోను, వార్నీషులలోను ఈ గుణమే పనిచేస్తుంది. 1860 తరువాతి దశకంలో ఇంగ్లండుకు చెందిన ఫ్రెడరిక్ వాల్టన్ నేలపై పరిచే లినోలియాన్ని తయారు చేసినది కూడ ఈ గుణం ఆధారంగానే. వంటింటిలో ఈ గుణమే మనలను హెచ్చరిస్తుంది. గాలి తగిలితే మారిపోయే నూనె గనుక, దంచిన పొడి ఎక్కువ కాలం నిలువ ఉంటే చిక్కువాసన వేస్తుంది. పైపెంకు చెడని గింజలు నెలల తరబడి నిలుస్తాయి. పొడిని మాత్రం వారం పది దినాలకు సరిపడినంత కొట్టుకొని, మూత బిగువైన సీసాలో ఉంచుకోవాలి. ఈ నూనెతో వేపుళ్ళు చేయడం తగదు.

గింజలను నమలకుండ మింగడం కూడ వ్యర్థమే. గట్టి పెంకు వల్ల అవి జీర్ణం కాకుండానే బయటపడతాయి. మా అమ్మమ్మకు ఈ శాస్త్రం తెలియదు గాని పద్ధతి తెలుసు. ఒట్టి మూకుడులో సన్నని సెగపై గింజలను చిటపటలాడే దాక వేయించి, చల్లారనిచ్చేది. విడిగా వేయించిన ఎండుమిరపకాయలు, జీలకర్ర, కొద్దిగా చింతపండు, ఉప్పు చేర్చి రోట్లో దంచేది. చివర నాలుగు వెల్లుల్లి రెబ్బలు వేసి బరకగా ఉండగానే తీసేది. వేడి అన్నంలో ఈ పొడి, ఒక చుక్క నూనె ఉంటే మాకు వేరే కూర అక్కరలేకపోయేది. కారం తినలేనివారు వట్టి పొడిని రొట్టెల పిండిలోనో, దోసెల పిండిలోనో, పెరుగులోనో కలుపుకోవచ్చు. పంజాబులో చలికాలం వస్తే ఈ గింజల పొడిని గోధుమపిండి, నెయ్యి, బెల్లంతో కలిపి పిన్నీలనే ఉండలు కడతారు.

ఇక గింజలోని సత్తువ సంగతి. నూరు గ్రాముల అవిసెలలో సుమారు 18 గ్రాముల మాంసకృత్తులు, 27 గ్రాముల పీచు, 40 గ్రాముల దాక కొవ్వు ఉంటాయి. ఆ కొవ్వులో సగానికి పైగా ఆల్ఫా లినోలెనిక్ ఆమ్లమనే ఒమేగా-3 కొవ్వు. దీనిని మన శరీరం స్వయంగా తయారు చేసుకోలేదు, ఆహారం ద్వారానే అందవలసి ఉన్నది. మనం ఎక్కువగా వాడే వేరుశనగ, పొద్దుతిరుగుడు నూనెలలో ఇది దాదాపు లేదు. పెద్ద చెంచాడు పొడి, అనగా సుమారు 7 గ్రాములు తింటే, ఈ కొవ్వు ఒకటిన్నర గ్రాముల పైచిలుకు లభిస్తుంది. వయోజనుడైన పురుషునికి దినానికి 1.6 గ్రాములు, స్త్రీకి 1.1 గ్రాములు చాలునని అమెరికా పోషకాహార నిపుణులు నిర్ణయించారు. కాబట్టి ఒక్క చెంచాతో ఆ అవసరం తీరినట్లే. అయితే చేపలలో లభించే ఒమేగా-3 కొవ్వులకు ఇది పూర్తిగా బదులు కాదు. దీనిని ఆ రూపాలలోకి మార్చుకునే శక్తి మన శరీరానికి స్వల్పంగానే ఉన్నది.

ఇంతవరకు చెప్పినది ఆహారపు మాట. దీనినే ఔషధంగా నమ్మినందువల్ల మా కుటుంబంలో జరిగిన దానిని కూడ చెప్పక తప్పదు.

మా మేనమామగారికి పదేళ్ళుగా రక్తపోటు ఉన్నది. ప్రతి ఉదయం ఒక బిళ్ళ వేసుకునేవారు. ఒకనాడు ఆయన చేతి ఫోనుకు ఒక సందేశం వచ్చింది. దినమునకు 30 గ్రాముల అవిసెలు తింటే రక్తపోటు మాయమగునని, బిళ్ళలతో పని లేదని అందులోని సారాంశం. ఆయన చదువుకున్నవారే. అయినను అది తన తల్లి తిన్న గింజ కావడంతో ఆయనకు నమ్మకం కుదిరింది. బిళ్ళలు మానేసి, గింజలు మొదలుపెట్టారు. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. మందుల దుకాణానికి నెలనెలా పోయే డబ్బు కూతురి ఫీజుకు పనికివస్తుందనే ఆశ కూడ ఆయనకుండెనని అత్తయ్య మాకు తరువాత చెప్పింది. రెండు నెలలు గడిచాయి. ఒక తెల్లవారుజామున ఆయన మాట తడబడింది, ఎడమచేతి పట్టు తప్పింది. ఆసుపత్రిలో వైద్యుడు జరిగినదంతా విని ఆయనను కోపగించలేదు. "గింజలు తినండి, నేను వద్దనను. కాని అవి అన్నంలో కలుపుకునేవి. బిళ్ళ బిళ్ళే. నన్నడగకుండ ఎన్నడూ మానవద్దు" అన్నాడు. మామయ్యగారు మళ్ళీ నడుస్తున్నారు, మాట్లాడుతున్నారు. టీ గ్లాసును మాత్రం నేటికీ రెండు చేతులతో పట్టుకుంటారు.

ఆ సందేశంలోని 30 గ్రాముల లెక్క ఎక్కడి నుండి వచ్చినదా అని మేము వెదకి చూచాము. అది పూర్తిగా కల్పన కాదు. కెనడాలో కాళ్ళ రక్తనాళాలు ఇరుకైన 110 మంది రోగులపై జరిగిన ఒక పరీక్ష ఫలితాలు 2013లో వెలువడ్డాయి. కొందరికి దినానికి 30 గ్రాముల అవిసె పొడిని రొట్టెలు మొదలైన తినుబండారాలలో కలిపి ఇచ్చారు. తక్కినవారికి అవిసెలు లేని అట్టి పదార్థాలనే ఇచ్చారు. ఆరు నెలల పిదప అవిసెలు తిన్నవారి రక్తపోటు రెండవ వర్గం కంటె పై సంఖ్యలో సుమారు 10, క్రింది సంఖ్యలో సుమారు 7 పాయింట్లు తక్కువగా ఉన్నది. ఇది తేలికగా కొట్టివేయదగిన ఫలితం కాదు. కాని అది వైద్యుల పర్యవేక్షణలో, చికిత్సకు తోడుగా జరిగిన పరీక్ష. మందులు మానండని అది ఎవరికీ చెప్పలేదు. సందేశం వ్రాసినవారు సంఖ్యను మాత్రం గ్రహించి షరతును విడిచిపెట్టారు. సగం సత్యం అసత్యం కంటె ప్రమాదకరమని మేము తెలుసుకున్నది ఇక్కడనే.

కావున తోటి విద్యార్థులకు కొన్ని సూచనలు చేయదలచాము. మొదట చిన్న చెంచాడుతో ప్రారంభించి, ఒకటి రెండు పెద్ద చెంచాలకు మించకుండ వాడుకోవాలి. ఇందులోని పీచు నీటిలో నాని జిగురుగా ఉబ్బుతుంది గనుక, తిన్న దినం నీరు బాగుగా త్రాగాలి. లేనిచో మలబద్ధకాన్ని తీర్చవలసిన గింజయే దానిని పెంచుతుంది. పచ్చి గింజలలో సయనైడును పుట్టించగల పదార్థాలు కొద్దిగా ఉంటాయి. వేయించితే అవి తగ్గుతాయి, మితంగా తినేవారికి భయం లేదు. నిత్యం మందులు వాడేవారు గింజలకు, మందుకు నడుమ గంట రెండు గంటల ఎడముంచుకోవాలి. రక్తం పలుచబరచే మందులు వాడేవారు, గర్భిణులు, ప్రేగుల వ్యాధి ఉన్నవారు వైద్యుని అడిగిన పిమ్మటనే వాడాలి.

విజ్ఞులైన కళాశాల కమిటీ వారికి మా మనవులు రెండే. మొదటిది, వసతిగృహపు భోజనశాలలో ప్రతి బల్లపై ఊరగాయ సీసా పక్కన ఒక అవిసె కారం సీసా ఉంచాలి. మా వంటమాస్టరుకు గింజలు, మిరపకాయలు సమకూర్చితే చాలు, వారానికొకసారి దంచే పనిని మేము వంతులవారీగా చేయగలము. దానిపై పేరును తెలుగులోను, ఉర్దూలోను వ్రాసే భారం కూడ మాదే. రెండవది, వార్షికోత్సవం నాడు తల్లిదండ్రులు కళాశాలకు వచ్చినప్పుడు ఒక గదిలో వారికి ఉచితంగా రక్తపోటు పరీక్ష చేయించాలి. మందులు వాడుచున్నారా, మానివేశారా అని ఒక వైద్యుడు వారిని అడగాలి. ఫీజు కొరకు బిళ్ళలు మానిన తండ్రి మా ఇంట మాత్రమే ఉన్నాడని మేము అనుకోవడం లేదు. ఈ రెండు మనవులలో ఒక్కదానికి మాత్రమే వీలగుచో, పొడి సీసాను వచ్చే సంవత్సరానికి వాయిదా వేసి, పరీక్షను ఈ సంవత్సరమే జరిపించెదరు గాక.